వదిలేసిన సాలు

చెక్క మీద పలుగురాతి పొడి చల్లి, నీళ్లు చిలకరించి కొమురెల్లి కత్తి నూరుతున్నాడు. తూర్పున ఇప్పుడిప్పుడే తెల్లబడుతోంది. వంగని కుడికాలును ముందుకు చాపి, ఎడమకాలి మీద బరువు వేసి వాకిట్లో కూర్చున్నాడు. నాలుగుసార్లు రాయడం, అంచును బొటనవేలి గోటి మీద ఆనించి చూసుకోవడం, మళ్లీ రాయడం. కత్తి నిన్న సాయంత్రమే పదునెక్కింది. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. కాకపోతే పొద్దు పొడిచేదాకా ఆ చేతులకు ఏదో ఒక పని చెప్పాలి కదా.

భార్య దేవవ్వ గడప మీద కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. నూనె రాసి, పాపిడి తీసి దువ్విన అతని తలను అదే పనిగా చూసి నవ్వుకుంది.

"పిల్లను సూడవోతున్నవా ఏంది?"

"తోటకే."

"మరి గా కత్తెందుకు? దుర్గవ్వ ముట్టద్దన్నది గద."

"ముట్ట. మొలకు ఉంటదంతే. లేకుంటే నడుము అల్కగైతది."

"నడుము కాదు, నీ పానమే అల్కగుంది ఇయ్యాల. రాత్రంత పొర్లినవు. నన్నూ పండనియ్యలే."

కొమురెల్లి లేచాడు. ముసిముసిగా నవ్వుతూ కత్తిని ఒరలో దోపుకున్నాడు. ఇవాళ్టితో నెల నిండింది. ఇవాళ తోటలో ఒర్రె పక్క మామిడి సాలు చూడవచ్చు.

యాభై దాటిన ఆ మనిషి బతుకంతా తాడిచెట్ల మీదే గడిచింది. పొద్దున ఎక్కి గీయాలి, మాపటికి మళ్లీ ఎక్కి గీయాలి. గెల కొసన నిన్న కోసిన చోటే ఇవాళ ఉల్లిపొరంత పలుచగా చెక్కాలి. ఒక్క పూట చెక్కకపోతే కోత ఎండి మూసుకుపోతుంది, కల్లు ఆగిపోతుంది. మేడిపల్లిలో అతని కల్లు లొట్టికి ఎదురుచూసేవాళ్లు ఉండేవారు. కల్లు రుచి చెట్టుది కాదు, కత్తిదని అతను గొప్పలు పోయేవాడు. రెండేళ్ల కిందట ఒక ముసురుపొద్దున చెట్టెక్కే మోకు జారి కింద పడ్డాడు. తుంటి అతుక్కుంది గానీ మోకాలు వంగడం మానేసింది. అతని తాళ్లను కల్లు సొసైటీవాళ్లు వేరేవాళ్లకు అప్పగించారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, గీయకుండా వదిలేసిన చెట్టు ఎవరికీ పనికిరాదు. అతను మాత్రం కొన్నాళ్లు ఆ తోవన నడవడమే మానేశాడు.

అప్పటినుంచీ బిడ్డ లావణ్య ఫోన్లు మొదలయ్యాయి. ఆమె సిరిసిల్ల పక్కన, మానేరు వంతెన దాటితే వచ్చే తంగళ్ళపల్లిలో ఉంటుంది. అల్లుడు అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. "బాపూ, మా సాంచాల షెడ్డుకు కావలి మనిషి కావాల్నట. నువ్వు రారాదు. కుర్చీల కూసునుడే పని" అనేది. కుర్చీ అనే మాట వినగానే కొమురెల్లి ఫోన్ దేవవ్వ చేతికి ఇచ్చేసేవాడు. తాడిచెట్టు మీదినుంచి జగిత్యాల గుట్టలు చూసినవాడు, షెడ్డు ముందర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వచ్చేపోయే బండ్లను చూడాలి. బిడ్డ మీద కోపం లేదు. ఆ కుర్చీ అంటేనే భయం.

అలాంటి రోజుల్లో మహేందర్ తోటలో పని దొరికింది. మహేందర్‌కు కోరుట్లలో టైల్స్ దుకాణం ఉంది. మేడిపల్లి శివారులో భూమి కొని మామిడి నాటాడు. మొక్కలు ఎదిగి నిటారుగా పోతుంటే, వాటిని కుదురు చేయడానికి దుర్గవ్వను పిలిచాడు. పెద్దచెట్ల మీద రంపాలు పట్టుకుని మగవాళ్లు ఎక్కుతారు. నడుమెత్తు మొక్కల దగ్గర రోజంతా వంగి చేసే పని ఎప్పుడూ ఆడవాళ్లదే. దుర్గవ్వ అలా వంగీ వంగీ జగిత్యాల చుట్టుపక్కల ఎన్ని తోటలు నిలబెట్టిందో ఆమెకే గుర్తు లేదు. సొంతానికి ఒక్క మామిడిచెట్టు లేదు, నాటుకునే జాగా ఏనాడూ లేదు. సాయంగా ఇంకో చెయ్యి కావాలంటే, కత్తి పట్టడం వచ్చిన మనిషని కొమురెల్లిని ఆమే చెప్పి పెట్టించింది.

ఆషాఢంలో మొదటి వానలు పడ్డాక ఆమె అతనికి పని చూపించింది. మొక్కను ఎదిగినంత ఎదగనిస్తే కట్టెలా పైకే పోతుంది, గాలికి విరుగుతుంది. నడుమెత్తున తల కొట్టేస్తే కింది కన్నులు, అంటే బెరడులో నిద్రపోయే మొగ్గలు, మేల్కొని చుట్టూ కొమ్మలు వేస్తాయి. తోట అంచున పారే చిన్నవాగు, ఆ ఒర్రె పక్క వరుస మొక్కలన్నీ, సాలు మొత్తం కొమురెల్లే కోశాడు. ఒక్క వేటుకు ఏటవాలుగా, నున్నగా దిగిన ఆ కోతలు చూసి దుర్గవ్వ మెచ్చుకుంది. ఆ మెప్పే కొంప ముంచింది. మర్నాడు అందరికంటే ముందే తోటకు వచ్చి, నిన్నటి కోతల మీద మళ్లీ పలుచగా ఒక పొర చెక్కాడు. ఆ మర్నాడు ఇంకో పొర. చేతికి ఇన్నేళ్లుగా తెలిసిన మర్యాద అదొక్కటే. కోసిన చెట్టును పలకరించకుండా ఉండటం అతనికి తెలియదు.

మిగతా తోటంతా చిగురు వేసింది. అతని సాలు పైనుంచి కిందికి నల్లగా ఎండుతూ వచ్చింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి ఒక పొద్దున దుర్గవ్వ తొందరగా వచ్చి చూసేసరికి కొమురెల్లి మొక్క ముందర ఒంగి ఉన్నాడు.

"ఏం జేస్తున్నవన్నా?"

"మూసుకపోతందని జర చెక్కుతున్న."

దుర్గవ్వ గట్టు మీద కూలబడింది. తల పట్టుకుంది, ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"మూసుకపోవాలెననే గద మనం సూసేది. గిది కల్లు పోసే చెట్టు కాదన్నా. దీని పుండును దీన్ని మానుపుకోనియ్యాలె."

మహేందర్ మాత్రం నవ్వలేదు. సాలు మొత్తం పీకించి కొత్త మొక్కలు పెడతానన్నాడు. "కాకా, నీకు గీ పని పడది. బిడ్డ పిలుస్తంది గద, పోరాదు" అన్నాడు. దుర్గవ్వే అడ్డుపడింది. కింది కన్నులు బతికే ఉన్నాయని గోటితో బెరడు గీరి పచ్చదనం చూపించింది. ఎండిన భాగం కిందికి కొమురెల్లి చేతే ఇంకొక్కసారి కోయించింది. ప్రతి కోత మీదా మైలుతుత్తం, సున్నం కలిపిన నీలిముద్దను తానే పూసింది. నెలలో చిగురు వస్తే మనిషి ఉంటాడు, రాకపోతే సాలూ పోతుంది, మనిషీ పోతాడు. మహేందర్ అందుకు ఒప్పుకున్నాడు. అప్పుడు దుర్గవ్వ కొమురెల్లి వైపు తిరిగి వేలు చూపించింది.

"నెల దాక గా సాలుకు రావద్దు. ఒర్రె దిక్కు సూసుడు గూడ వద్దు."

ఆ నెల అతను ఎలా గడిపాడో తోటలో గడ్డిపరకలను అడిగినా చెబుతాయి. నీళ్లకు చుట్టు తిరిగి వెళ్లేవాడు. అన్నం తినేటప్పుడు ఒర్రెకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఒకసారి మోటారు గది చాటునుంచి మెడ చాపబోతే, ఎక్కడినుంచో ఒక మట్టిపెడ్డ వచ్చి కాళ్ల దగ్గర పడింది. దుర్గవ్వ గురి మంచిది. ఆ తర్వాత మళ్లీ మెడ చాపలేదు.

ఇవాళ అతని కుంటినడకను చూస్తే మంచికాళ్ల మనిషి కూడా సిగ్గుపడాలి. గట్ల మీద గునుగు, తంగేడు విరగబూసి ఉన్నాయి. తోట చేరేసరికి దుర్గవ్వ అప్పటికే మధ్య సాలులో కూర్చుని గడ్డి తీస్తోంది. తలెత్తి చూసింది. ఆ ముఖంలో ఏమీ దొరకలేదు.

"అచ్చినవా. కొడవలి పట్టు. ముందుగాల గీ గడ్డి అయిపోనీ."

"నెల అయింది చెల్లె."

"అయితే? మంచు ఆరనీ. తడి మీద చిగుర్లను ముడితే మచ్చలు వడ్తయి."

చిగుర్లు అన్నది. అంటే ఉన్నాయనా, లేక మధ్య సాలు చిగుర్ల మాటా? అడిగితే చెప్పదు. కొమురెల్లి ఒర్రెకు వీపు పెట్టి గడ్డి తీయడం మొదలుపెట్టాడు. గడ్డితోపాటు ఒకటి రెండు డ్రిప్పు పైపులు కూడా లాగేశాడు. ఒకసారి చిగురు కళ్లముందు కనబడుతుంది, మరోసారి ప్లాస్టిక్ కుర్చీ కనబడుతుంది. ఎండ వీపుకు తగిలేదాకా దుర్గవ్వ లేవలేదు. లేచి చీర దులుపుకుని ఒర్రె వైపు నడిచింది. అతను కొడవలి అక్కడే పడేసి వెంటబడ్డాడు.

మొదటి మొక్క మోడు. నీలిముద్ద ఎండి పగిలింది, దాని కింద ఏమీ లేదు. గోటితో గీరితే గోధుమరంగు పొడి రాలింది. రెండోదీ అంతే. అవి దారి పక్కవి. రోజూ మొదట చేరేది వాటి దగ్గరికే కాబట్టి అతని కత్తి వాటినే ఎక్కువ పలకరించింది. దుర్గవ్వ వంక చూడలేకపోయాడు.

మూడో మొక్క దగ్గర మోకాలు వంగక, పక్కకు ఒరిగి, మోచేతి మీద ఆని నేల మీద పడుకున్నట్టుగా చూశాడు. నీలిముద్దకు జానెడు కింద, బెరడు చీల్చుకుని ఎర్రగా, గోరంత మొన. దాని పక్కన ఇంకొకటి. వెనుక వైపు ఇంకొకటి. చెయ్యి చాపి, ముట్టకుండానే వెనక్కి తీసుకున్నాడు.

"అన్నా, ఆడనే పండుకుంటే ఎట్ల? ముంగటికి సూడు" అంది దుర్గవ్వ. ఇప్పుడు ఆమె గొంతులో నవ్వు దాగడం లేదు.

ముందర సాలంతా ఎర్రబారి ఉంది. జానెడు జానెడు చిగుళ్లు, రాగిరంగు ఆకులు ఇంకా గట్టిపడక కిందికి వాలి, ఎండకు మెరుస్తున్నాయి. కొమురెల్లి లేచాడు. ఒక మొక్కనుంచి ఇంకో మొక్కకు, అక్కడినుంచి మళ్లీ మొదటిదానికి, చూసినదాన్నే మళ్లీ చూస్తూ కుంటుకుంటూ పరుగు తీశాడు. అంత సంతోషం ఒంటికి పట్టక ఏం చేయాలో తోచక, ఫోన్ తీసి ఇంటికి చేశాడు.

"దేవీ. అచ్చినయే."

"ఎవలచ్చిండ్రు?"

"చిగుర్లే. ఎర్రగున్నయి. నువ్వు సూడాలె."

"మంచిగైంది. ఏడుస్తున్నవా ఏంది?"

"లే. చెమట" అని ఫోన్ పెట్టేసి, తువ్వాలతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు.

ఆ సంబరం మీద దుర్గవ్వ అసలు పని పెట్టింది. ఒక్కో మొక్కకు చుట్టూ గుంపుగా చిగుళ్లు లేచాయి. మూడే ఉంచి మిగతావి తీసేయాలి.

"గివన్నీ నెలంత కండ్లు కాయలు కాసినంక అచ్చినయి. తుంచుమంటవా?"

"అన్నీ ఉంచితే అన్నీ బక్కగైతయి. మూడు మంచియి సూడు. ఒకదాని మొఖం ఒకటి సూడద్దు. ఒక్కతాన్నుంచే మూడూ లేవద్దు. ఒకటి కింద, ఒకటి నడుమ, ఒకటి మీద. రేపు కాయ బరువు మొయ్యాలె గవి."

అతని చెయ్యి మొలకు పోయింది. దుర్గవ్వ చూసింది. చెయ్యి తిరిగి వచ్చింది.

"వేలితోని తుంచు. లేతగున్నప్పుడు కత్తి పనే లేదు."

మొదటి చిగురును బొటనవేలితో పక్కకు తోస్తే టప్పున ఊడింది. చేతికి పచ్చి మామిడి వాసన పట్టింది. నాలుగైదు మొక్కలు గడిచేసరికి ఆ పని అతన్ని తనలోకి లాగేసుకుంది. కళ్లలో మెరుపు వచ్చింది. పెళ్లికొడుకులను ఏరుతున్నంత పట్టింపు వచ్చింది. ఇది బలంగా ఉంది గానీ ఒర్రె వైపునుంచి ఎదురుగాలి తగులుతుందని ఒకదాన్ని కాదన్నాడు. బక్కగా ఉన్నా దిక్కు మంచిదని ఇంకొకదాన్ని నిలబెట్టాడు. దుర్గవ్వ ఒప్పుకోకపోతే వాదించాడు, ఓడిపోయాడు, ఒకచోట గెలిచాడు. గెలిచినచోట దుర్గవ్వ పక్క మొక్కకు జరిగింది. అన్నం వేళ దాటిపోయిందని ఇద్దరికీ గుర్తు రాలేదు.

చిట్టచివరి మొక్క వంకర పని చేసింది. దానికి వచ్చినవే మూడు. అందులో ఒకటి బయటికి పోకుండా, పక్కదాన్ని ఆనుకుని నిటారుగా లేస్తోంది. తీసేస్తే మొక్క ఒంటిపక్కదవుతుంది. కొమురెల్లి చాలాసేపు చూశాడు. ఒర్రెలోకి దిగి, రేగుకాయంత రాయి ఒకటి వెతికి తెచ్చాడు. ఎర్రంచు తువ్వాల కొసనుంచి ఒక పీలిక చింపాడు. తాటిగెలను వంచి కట్టేటప్పుడు వేసే వదులు ముడితో రాయిని ఆ చిగురుకు వేలాడదీశాడు. చిగురు కొంచెం వంగి, ఖాళీ వైపు ముఖం తిప్పింది.

"బిగ్గర కట్టకు. గాటు వడ్తది" అంది దుర్గవ్వ.

"లే. వేలు దూరేటంత జాగిచ్చిన."

సాయంత్రం మహేందర్ బండి మీద వచ్చి సాలు వెంట నడిచాడు. చిగుళ్లు చూసి అతని ముఖం కూడా విప్పారింది.

"బతికిచ్చినవు కాకా."

"మొదటియి రెండు సచ్చినయి సేటూ. నేనే సంపిన."

"రెండే గద. కొత్తయి పెడ్దాం. నువ్వు ఉండు, యాడికి వోవద్దు."

మహేందర్ మోటారు చూడటానికి వెళ్లాడు. కొమురెల్లి సాలు మధ్యలో నిలబడ్డాడు. ఉండమన్నాడు. కుర్చీ పీడ వదిలింది. ఒళ్లంతా తేలికగా ఉంది. అంత హాయిలో అతని కన్ను ఒక మొక్క మీద ఆగింది. నీలిముద్ద పెచ్చు రాలి, కోత అంచున చిన్న గరుకు కనబడుతోంది. ఒక్క పొర తీస్తే నున్నగా అయిపోతుంది. దగ్గరికి వెళ్లి వంగాడు. చేతిలో కత్తి ఉందని అప్పుడు చూసుకున్నాడు. ఎప్పుడు తీశాడో తెలియదు.

చేతిని చూస్తూ అలాగే నిలబడిపోయాడు. దుర్గవ్వ కాళ్లు కడుక్కుంటూ ఇటే చూస్తోంది. కత్తిని ఒరలో పెట్టి ఆమె దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, నేను ఈడుంటే రేపు పొద్దుగాల మల్ల గా చెట్లకాడనే ఉంట. వద్దనుకుంట గని చెయ్యి ఆగది."

"సూసిన."

"ఒక చెట్టు మానుతుంటే చేతికి ఇంకో చెట్టుండాలె."

"గదే పనన్నా. మరి నేను ఊరూరు ఎందుకు తిరుగుతననుకున్నవు?"

కొమురెల్లికి ఆ మాట చల్లగా తగిలింది. ఇన్నాళ్లూ కూలి కోసమే తిరుగుతుందనుకున్నాడు. అప్పుడే లావణ్య ఫోన్ చేసింది.

"బాపూ, చిగురచ్చిందా?"

"అచ్చింది బిడ్డా."

"మంచిగైంది. ఇగ నువ్వు రావు అయితే. మా ఇంటి ముందటి మామిడి, జామ గూడ పెట్టినప్పటిసంది కట్టె తీరుగ పైకే పోతున్నయి. రెండు కొమ్మలు గూడ లేవు."

కొమురెల్లి నిటారుగా నిలబడ్డాడు. "తల కొట్టలేదా ఇంకా?"

"నాకేం ఎర్క?"

"ముట్టకుండ్రి. అల్లున్ని గూడ ముట్టనియ్యకు. నేను బయలెల్తున్న." ఫోన్ జేబులో వేసుకుంటూనే దుర్గవ్వ వైపు తిరిగాడు. "రెండు చెట్లున్నయట. వాడకట్టుల ఇంకెన్ని ఉన్నయో."

"పో. ఆకు ముదిరినంక రా. నేను సూస్త వీటిని" అంది దుర్గవ్వ.

కావలికి కాదు, పనికి పోతున్నాడు. ఆకు ముదిరాక తిరిగొస్తానని మహేందర్‌కు చెప్పి, అతని బండి వెనుకే ఎక్కి, దారిలో ఇంటి దగ్గర ఒక జత బట్టలు తీసుకున్నాడు. మేడిపల్లినుంచి కోరుట్ల బస్టాండు దాకా ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు పక్క ఇళ్ల ముందర ప్రతి చిన్నమొక్కనూ చూస్తూ, ఇది కొట్టాలి, ఇది ఆలస్యమైంది అని తనలో తాను లెక్కలు వేసుకున్నాడు.

తంగళ్ళపల్లిలో బిడ్డ ఇంటి మామిడి, జామ కొట్టాడు. చూసిన పక్కింటివాళ్లు పిలిచారు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు పిలిచారు. రోజూ దుర్గవ్వకు ఫోన్ చేసేవాడు. "ముట్టలే గద?" అనేవాడు. "ముట్టలే" అనేది ఆమె. ఒకరోజు ఆ ఫోన్ రాలేదు. మర్నాడు లావణ్య చేసింది. పొద్దున చాయ్ తాగి, ఎవరింటికో పోవాలని చెప్పులు వేసుకుని అరుగు మీద కూర్చున్నాడట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట.

దుర్గవ్వ ఆ మాట విని చాలాసేపు గట్టు మీద కూర్చుంది. తన తోడబుట్టినవాళ్లకు ఏడ్చినట్టే ఏడ్చింది. ఆ తర్వాత లేచి ఒర్రె పక్క సాలు వెంట నడిచింది. ఎరుపు పోయి ఆకులన్నీ పచ్చగా ముదిరాయి. కోతల చుట్టూ బెరడు ఉబ్బి దగ్గరికి వస్తోంది. చివరి మొక్క దగ్గర ఆగి, వదులుగా ఉన్న పీలికను కొమ్మ కొసమీదుగా మెల్లగా దించింది. కొమ్మ వెనక్కి పోలేదు, వంగిన వైపే నిలబడింది. చేతిలోకి వచ్చినదాన్ని పారేయబుద్ధి కాలేదు, గట్టు మీద పెట్టింది. రేగుకాయంత రాయి, దాని చుట్టూ వానకు రంగు వెలిసిన ఎర్రంచు పీలిక, అతను వేసిన ముడి వేసినట్టే.